పొత్తులో మన ఓటు ఎంతవరకు పనిచేస్తుంది?

కందుకూరు నుంచి మీరు పంపిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి. 2024లో మీరు అభిమానించే పార్టీ గుర్తు మీ నియోజకవర్గంలో యంత్రం మీద లేనే లేదు కనుక పొత్తులో ఉన్న మరో పార్టీ గుర్తుకు ఓటు వేశారు. ఆ ఓటు ఎవరి ఖాతాలో పడినట్టు అన్నది మొదటిది. ఎన్నికల ముందు ఒకరినొకరు తిట్టుకున్న పార్టీలు ఫలితాలు వచ్చాక చేతులు కలిపితే ఓటరు మోసపోయినట్టేనా అన్నది రెండవది. జర్మనీలో ఉన్నట్టు దామాషా పద్ధతి, అంటే ఓట్ల శాతాన్ని బట్టి స్థానాలు పంచే పద్ధతి, ఇక్కడ పెడితే ఈ బెడద తీరుతుందా అన్నది మూడవది. పోతూ పోతూ, గుర్తు లేనప్పుడు నోటా నొక్కి ఉండవలసిందా అని కూడా అడిగారు. నేను జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు దాదాపు ప్రతి ఎన్నికకూ విధులకు వెళ్లాను కనుక పాఠంలో చెప్పినదీ, పోలింగ్ కేంద్రంలో చూసినదీ కలిపి జవాబు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొత్తును కుదిర్చేది నాయకులే. అందులో ఓటరుకు చోటు లేదు. కానీ ఆ పొత్తు ఎన్నికలకు ముందే ప్రకటించినదైతే దానిని నిలబెట్టాలా, కూలదోయాలా అన్నది తేల్చేది ఓటరే. ఫలితాల తరువాత కుదిరిన పొత్తయితే ఆ అవకాశం ఉండదు, వచ్చే ఎన్నిక దాకా ఆగవలసిందే. కాబట్టి ఏ పార్టీ ఏ పార్టీతో కలిసింది అన్నదానికంటే ఎప్పుడు కలిసింది, ముందే చెప్పి కలిసిందా అన్నదే నాకు పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనవసరం లేదు. మీ కందుకూరు చాలాకాలం ఉన్న జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి రాజకీయ జీవితపు చివరి నాలుగేళ్లు చూస్తే చాలు, సంకీర్ణ ప్రభుత్వాలలో ఎన్ని రకాలు ఉంటాయో అన్నీ అక్కడే కనిపిస్తాయి. 1952 ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. ఎవరికీ మెజారిటీ లేదు. ప్రకాశంగారు కమ్యూనిస్టులతో సహా పలు పక్షాలను ఐక్య ప్రజాస్వామ్య కూటమి పేరుతో కూడగట్టి తనకు 166 మంది మద్దతు ఉందని గవర్నరుకు చెప్పారు. గవర్నరు శ్రీప్రకాశ మాత్రం కాంగ్రెస్ నాయకుడిగా వచ్చిన రాజాజీని పిలిచారు. రాజాజీ ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. ఆయనను శాసన మండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. కాంగ్రెస్‌కు ఎదురు నిలిచి గెలిచిన కామన్‌వీల్ పార్టీ నాయకుడు మాణిక్యవేలు నాయకర్ ఆ మంత్రివర్గంలో చేరారు. అటు 166 మంది కూటమి గానీ, ఇటు రాజాజీ ప్రభుత్వం గానీ ఓటరు ముందు పెట్టి ఓటు అడిగినవి కావు. కాంగ్రెస్‌ను ఓడించాలని కామన్‌వీల్‌కు ఓటు వేసినవాడికి కాంగ్రెస్ ప్రభుత్వమే దక్కింది. మీ రెండవ ప్రశ్నలోని బాధ 1952 నాటికే ఉన్న బాధ అన్నమాట.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇదే కథ మరో రూపంలో నడిచింది. కొత్త శాసనసభలో కొత్తగా ఎన్నికైనవారు ఎవరూ లేరు, 1952లో ఆంధ్ర ప్రాంతం నుంచి గెలిచిన 140 మందే సభ్యులు. ఆనాటి ఫలితాల్లో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెస్‌కు 40 స్థానాలు వచ్చాయి. అంత దగ్గరి లెక్కల మధ్య, 1952లో కాంగ్రెస్‌ను ఎదిరించిన ప్రకాశంగారే కాంగ్రెస్ మద్దతుతో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మనవాడు ముఖ్యమంత్రి అయ్యాడని ఒంగోలు ప్రాంతంలో నేటికీ గర్వంగా చెప్పుకుంటారు, అందులో తప్పు లేదు; అయితే ఆ ప్రభుత్వానికి పునాది ఓటరు ఇచ్చిన తీర్పు కాదు, నాయకుల మధ్య కుదిరిన సర్దుబాటు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గి ఆ ప్రభుత్వం పడిపోయింది.

అసలు పాఠం 1955 మధ్యంతర ఎన్నికల్లో ఉంది. ఈసారి కాంగ్రెస్, ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజా పార్టీ ముందుగానే కూర్చుని స్థానాలు పంచుకుని ఐక్య కాంగ్రెస్ కూటమిగా జనం ముందుకు వచ్చాయి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి. 1952 కంటే వారి ఓటు పెరిగింది. స్థానాలు మాత్రం 196లో 15కు పడిపోయాయి. కాంగ్రెస్ ఒక్కటే 119, కృషికార్ 22, ప్రజా పార్టీ 5 గెలిచాయి. 1952లో కమ్యూనిస్టు వ్యతిరేక ఓటు ముక్కలు కావడం వల్ల దక్కిన స్థానాలు, 1955లో అదే ఓటు ఒక గూటికి చేరేసరికి చేజారాయి. ఆ ఎన్నిక తరువాత ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి గారిది మన బుచ్చిరెడ్డిపాలెం. ఓడిన పక్షానికి పెద్ద దిక్కయిన పుచ్చలపల్లి సుందరయ్య గారిది అలగానిపాడు. అటూ ఇటూ నెల్లూరు జిల్లావారే.

ఇప్పుడు 2024 అంకెలు పక్కన పెట్టి చూడండి. తెలుగుదేశం 144, జనసేన 21, బీజేపీ 10 స్థానాలకు పోటీచేసి వరుసగా 135, 21, 8 గెలిచాయి. మూడింటికీ కలిపి సుమారు 55 శాతం ఓట్లు. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం పైగా ఓట్లు వచ్చినా 175లో దక్కినవి 11 మాత్రమే. 1955లో 31 శాతానికి 15, 2024లో 39 శాతానికి 11. దాదాపు 70 ఏళ్ల దూరంలో రెండు ఎన్నికలు ఒకే లెక్కను చూపిస్తున్నాయి: ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలిచే మన పద్ధతిలో పొత్తు అనేది కేవలం ఓట్ల కూడిక కాదు, అది స్థానాలను ఎన్నో రెట్లు పెంచుతుంది.

అయితే ఈ కూడిక ప్రతిసారీ కలిసిరాదు. ఇక్కడికి వచ్చేసరికే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 2024లో మన ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని 10, ఉమ్మడి ప్రకాశంలోని 12, మొత్తం 22 శాసనసభ స్థానాలలోనూ కూటమి తరఫున పోటీచేసింది తెలుగుదేశమే. గాజుగ్లాసు గుర్తు గానీ, శాసనసభ వరకు కమలం గుర్తు గానీ కూటమి తరఫున ఈ 22 చోట్ల ఎక్కడా లేదు. అంటే మీలాంటి ఓటర్లు వేలమంది తమది కాని గుర్తును నొక్కారు. ఫలితంగా 2019లో ఒక్క స్థానమూ రాని నెల్లూరులో 10కి 10, ప్రకాశంలో దర్శి, యర్రగొండపాలెం తప్ప మిగిలిన 10 తెలుగుదేశం గెలిచింది. దీన్నే పార్టీలవాళ్లు ‘ఓట్ల బదిలీ’ అంటారు. ఆ మాట నాకు అంతగా నచ్చదు. బ్యాంకులో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు పంపినట్టు నాయకుడు తన అభిమానుల ఓట్లు పంపలేడు. పంపగలిగితే తిరుపతి లోక్‌సభ స్థానం ఫలితం అలా వచ్చి ఉండేది కాదు.

ఆ కథ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అంత చక్కని ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో కూడా దొరకదు. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి, పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నియోజకవర్గాలు, వాటితోపాటు తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, ఈ ఏడూ కలిసి తిరుపతి లోక్‌సభ స్థానం. శాసనసభకు తిరుపతిలో జనసేన, మిగిలిన ఆరుచోట్ల తెలుగుదేశం పోటీచేశాయి. ఏడుకు ఏడూ కూటమే గెలిచింది. లోక్‌సభకు మాత్రం కూటమి తరఫున బీజేపీ నిలబడింది. అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి 14 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. అదే రోజు, అదే పోలింగ్ కేంద్రం, అదే మనిషి. నాలుగు అడుగుల దూరంలో రెండు యంత్రాలు. ఒకదాని మీద కూటమికి, రెండవదాని మీద కూటమికి ఎదురుగా నొక్కినవారు వేలల్లో ఉన్నారన్నమాట.

2024 మే 13న నేను పొదలకూరు వైపు ఒక పాఠశాలలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఉన్నాను. కృత్తిక కార్తె ఎండకు రేకుల వసారా కాగిపోతోంది. లోపలికి వచ్చినవారికి వేలిమీద సిరా పెట్టాక ముందు లోక్‌సభ యంత్రం, తరువాత శాసనసభ యంత్రం. మొదటిదానిమీద తెల్ల కాగితం, రెండవదానిమీద గులాబీ రంగు కాగితం. పదకొండు గంటల ప్రాంతంలో ఒక పెద్దావిడ మొదటి అట్ట మరుగు వెనక్కి వెళ్లి చాలాసేపు నిలబడి, తల బయటికి పెట్టి, "ఏంది సామీ, దీంట్లో సైకిలు లేదే?" అని గట్టిగా అడిగింది. ఏజెంట్లందరూ తలలెత్తారు. అలాంటప్పుడు ఏం చెప్పినా ప్రమాదమే. "ఉన్న గుర్తులన్నీ దానిమీదే ఉన్నాయమ్మా, మీకు ఇష్టమైనదానికి నొక్కండి" అన్నాను. ఆవిడ మళ్లీ లోపలికి తిరిగింది. మరికాసేపటికి బీప్ శబ్దం వినిపించింది. ఏది నొక్కిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ పొత్తు అనే మాట అమరావతిలోనో ఢిల్లీలోనో ఒక సంతకంతో అయిపోదని, ప్రతి ఊళ్లో ఆ అట్ట మరుగు వెనక మళ్లీ ఒకసారి కుదరాలని ఆ రోజు నాకు బాగా అర్థమయింది.

తిరుపతి ఫలితానికి కారణం ఒక్కటే అనుకోవడం తొందరపాటు. బీజేపీ అభ్యర్థి ఎన్నికలకు కొద్దిరోజుల ముందు వరకు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గూడూరు ఎమ్మెల్యేగా ఉన్నవారే. ఆయన మీద అప్పటిదాకా పోరాడిన స్థానిక తెలుగుదేశం కార్యకర్తకు ఆయన గుర్తు నొక్కడానికి చేయి రాకపోవడం సహజం. కేంద్రంలో ఎవరుండాలి, రాష్ట్రంలో ఎవరుండాలి అన్న రెండు ప్రశ్నలకు వేర్వేరు జవాబులున్నవారూ ఉంటారు. కారణం ఏదైనా, ఓటరు పొత్తును గంపగుత్తగా కొనలేదు, అంశాలవారీగా ఏరుకున్నాడు. కర్ణాటకలో 2019లో కూడా ఇదే జరిగింది. అంతకు ముందు ఏడాది విడివిడిగా పోటీచేసి ఫలితాల తరువాత కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసిన కాంగ్రెస్, జనతాదళ్ సెక్యులర్ పార్టీలు లోక్‌సభకు కలిసి పోటీచేశాయి. కాగితం మీద వాటి ఓట్లు కలిపితే తిరుగులేదు. 28 స్థానాలలో చెరి ఒకటి మాత్రమే దక్కాయి. ఊళ్లలో తరతరాలుగా ఎదురుబొదురుగా ఉన్న రెండు వర్గాలను పైనుంచి ఒక ప్రకటనతో కలపలేమని అక్కడ తేలింది.

కాబట్టి మీ ఓటు లెక్కకు సైకిలు ఖాతాలో పడింది, నిజమే. కానీ దాని విలువ మీ పార్టీకి వేరే దారిలో తిరిగి వస్తుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త గామ్సన్ 1961లో ఒక సూత్రం ప్రతిపాదించాడు: సంకీర్ణ ప్రభుత్వంలో ప్రతి పార్టీకీ దక్కే మంత్రి పదవుల వాటా, ఆ కూటమికి ఆ పార్టీ తెచ్చిన స్థానాల వాటాకు ఇంచుమించు సమానంగా ఉంటుంది అని. యూరప్ దేశాల్లో ఇది ఆశ్చర్యంగా సరిపోతుంది. 2024 జూన్‌లో ఏర్పడిన మన రాష్ట్ర మంత్రివర్గానికి వేసి చూడండి. కూటమి 164 స్థానాలలో జనసేనవి 21, అంటే దాదాపు 13 శాతం. ముఖ్యమంత్రితో కలిపి 25 మందిలో ఆ పార్టీవారు ముగ్గురు, అంటే 12 శాతం. బీజేపీ స్థానాలు 5 శాతం, మంత్రి ఒక్కరు, అంటే 4 శాతం. కొలిచి పంచినట్టే ఉంది. అయితే ఈ లెక్క స్థానాలకే, ఓట్లకు కాదు. తమ గుర్తు లేని ఈ 22 స్థానాల్లో భాగస్వామి పార్టీల అభిమానులు ఇచ్చిన ఓట్లు ఆ వాటాలోకి రావు. మీ అసంతృప్తికి అసలు మూలం అక్కడుందని నాకు అనిపిస్తోంది, అది న్యాయమైన అసంతృప్తే.

ఇంకో చిత్రం చూడండి. రాష్ట్రంలో 88 మంది ఉంటే చాలు, తెలుగుదేశానికి సొంతంగా 135 మంది ఉన్నారు. భాగస్వాములు లేకపోయినా ప్రభుత్వం నిలుస్తుంది. కేంద్రంలో 272 కావాలి, బీజేపీకి వచ్చినవి 240. అక్కడ తెలుగుదేశం 16 మంది, బీహారు జనతాదళ్ యునైటెడ్ 12 మంది లెక్కలోకి వస్తారు. ఒకే రోజు వేసిన రెండు ఓట్లతో ఒకే కూటమికి ఒకచోట మర్యాదపూర్వకమైన భాగస్వామ్యం, మరోచోట తప్పనిసరి భాగస్వామ్యం ఏర్పడ్డాయి. పొత్తు ధర్మం గురించి నాయకులు ఎంత చెప్పినా, చిన్న పార్టీ మాట ఎంత చెల్లుతుందో నిర్ణయించేది ఈ తీసివేత లెక్కే.

రెండవ ప్రశ్నకు వస్తాను. ఫలితాల తరువాతి పొత్తులన్నీ మోసం కావు. ఎవరికీ మెజారిటీ రానప్పుడు ఎవరో ఒకరు కలవకపోతే మళ్లీ ఎన్నికలే గతి. కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988 నివేదికలో గవర్నరు ఎవరిని ముందు పిలవాలో ఒక వరుస సూచించింది: మొదట ఎన్నికల ముందు కుదిరిన కూటమి, తరువాత ఇతరుల మద్దతు చూపించగల అతిపెద్ద పార్టీ, ఆ తరువాత భాగస్వాములందరూ ప్రభుత్వంలో చేరే ఎన్నికల అనంతర కూటమి, చివరన కొందరు ప్రభుత్వంలో చేరి కొందరు బయటినుంచి మద్దతిచ్చే కూటమి. గమనించండి, ఓటరుకు ముందే చెప్పిన పొత్తు వరుసలో మొదట ఉంది, ఎవరి బాధ్యత ఎంతో తెలియని ఏర్పాటు చివర ఉంది. 1994లో బొమ్మై కేసు తీర్పుతో బలం తేలవలసింది రాజభవన్‌లో కాదు, సభలో అన్నది స్థిరపడింది. 1952లో ఆ స్పష్టత ఉండి ఉంటే ప్రకాశంగారి కథ ఎలా నడిచేదో మరి.

బయటినుంచి మద్దతు అన్న మాట వింటేనే నాకు అనుమానం. 1979లో చరణ్ సింగ్, 1990లో చంద్రశేఖర్, 1996లో దేవెగౌడ, 1997లో గుజ్రాల్, నలుగురూ కాంగ్రెస్ బయటినుంచి ఇచ్చిన మద్దతు మీద ప్రధానులైనవారు. నలుగురిలో ఎవరూ ఏడాది పూర్తిగా నిలవలేదు. చరణ్ సింగ్ అయితే లోక్‌సభను ఒక్కసారి కూడా ఎదుర్కోలేదు. బాధ్యత లేని అధికారం చేతిలో ఉన్నవాడు దాన్ని తనకు అనుకూలమైన రోజున వెనక్కి తీసుకుంటాడు. అదే, మంత్రి పదవులు తీసుకుని లోపల కూర్చున్న భాగస్వామి అయితే, తప్పు జరిగినప్పుడు ఓటరు ముందు అతడూ నిలబడవలసి వస్తుంది. పదవుల కోసం కలిశారు అని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఓటరు దృష్టితో చూస్తే పదవి తీసుకోవడమే నిజాయితీ.

మన రాష్ట్ర ఓటరు ఫలితాల తరువాతి పొత్తును వెంటనే తూచి చూసిన సందర్భం కూడా ఒకటుంది. 1998లో తెలుగుదేశం బీజేపీకి ఎదురుగా పోటీచేసి 12 లోక్‌సభ స్థానాలు గెలిచి, తరువాత వాజపేయి ప్రభుత్వానికి బయటినుంచి మద్దతు ఇచ్చింది. ఏడాది తిరగగానే మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి పొత్తును బహిరంగంగా ప్రకటించి అడిగితే ఓటర్లు తెలుగుదేశానికి 29, బీజేపీకి 7 స్థానాలు ఇచ్చారు. ఒకవేళ తిరస్కరించి ఉంటే అదీ వారి హక్కే. అడిగారు కాబట్టే జవాబు వచ్చింది.

అసలు అడగకుండానే జరిగిపోయేది మరొకటుంది, విలీనం. 2009లో ప్రజారాజ్యం పార్టీకి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 16 శాతం ఓట్లు, 294లో 18 స్థానాలు వచ్చాయి. మన ప్రాంతంలో నెల్లూరు నగరం, గిద్దలూరు ఆ పార్టీవే. 2011లో ఆ పార్టీ మొత్తంగా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1985లో 52వ సవరణ ఫిరాయింపులను నిషేధించింది, 2003లో 91వ సవరణ మూడింట ఒకవంతు చీలిక వెసులుబాటు తీసేసింది, మూడింట రెండు వంతుల మంది అంగీకరించే విలీనానికి మాత్రం దారి ఉంచింది. కాంగ్రెస్‌ను కాదని ప్రజారాజ్యానికి ఓటు వేసిన నెల్లూరు ఓటరు రెండేళ్లు తిరిగేసరికి కాంగ్రెస్ ఎమ్మెల్యే ఉన్న నియోజకవర్గంలో ఉన్నాడు. పొత్తయితే విడిపోవచ్చు, విలీనంలో తిరిగి రావడానికి పార్టీయే మిగలదు.

ఇక దామాషా పద్ధతి సంగతి. 2024 ఓట్ల శాతాలనే 175 స్థానాలకు పంచితే వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 69, తెలుగుదేశానికి 80 దాకా వచ్చేవి. మిగిలిన భాగస్వాములు లేకుండా ప్రభుత్వం నిలిచేది కాదు. పద్ధతి మారితే ఓటర్లూ వేరుగా ఓటు వేస్తారు కనుక ఇది కేవలం ఊహ కోసం వేసిన లెక్క. అయినా ఒకటి స్పష్టం: దామాషాలో మీ గుర్తు మీకు దొరుకుతుంది, కానీ ప్రభుత్వం ఏర్పాటు చేసే పని పూర్తిగా ఎన్నికల తరువాతికి జరుగుతుంది. మీ మొదటి బాధ తీరి రెండవ బాధ పెరుగుతుంది. బెల్జియంలో 2010 ఎన్నికల తరువాత ప్రభుత్వం ఏర్పడడానికి 541 రోజులు పట్టింది. నెదర్లాండ్స్‌లో 2021 ఎన్నికల తరువాత 299 రోజులు.

న్యూజిలాండ్ వారు అచ్చం మనలాంటి పద్ధతిని వదిలి 1996లో మొదటిసారి దామాషా తరహా ఎన్నిక జరిపారు. ఆ ఎన్నికలో ‘న్యూజిలాండ్ ఫస్ట్’ పార్టీ 13 శాతం ఓట్లు తెచ్చుకుంది. అధికారంలో ఉన్న నేషనల్ పార్టీని దించుతుందని నమ్మి ఓటు వేసినవారు అందులో చాలామంది. వారాల తరబడి బేరాలు సాగాక నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ ఆ నేషనల్ పార్టీతోనే ప్రభుత్వంలో చేరారు. 1999లో ఆ పార్టీ ఓటు 4.3 శాతానికి పడిపోయింది. పీటర్స్ తన సొంత స్థానాన్ని కేవలం 63 ఓట్లతో నిలబెట్టుకున్నారు. బ్రిటన్‌లో 2010లో విద్యార్థుల ఫీజులు పెంచబోమని మాట ఇచ్చి, కన్సర్వేటివ్‌లతో ప్రభుత్వంలో చేరి ఆ పెంపుకు ఒప్పుకున్న లిబరల్ డెమోక్రాట్లు 57 స్థానాల నుంచి 2015లో 8కి దిగిపోయారు. పెద్ద పార్టీకి శిక్ష పడలేదు, చిన్న పార్టీకే పడింది. ఇది చాలా దేశాల్లో కనిపించే తీరు: సంకీర్ణంలో మంచి జరిగితే పేరు పెద్దన్నకు, మాట తప్పితే నింద తమ్ముడికి.

మీరు ప్రత్యేకంగా జర్మనీని అడిగారు కనుక దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అక్కడ ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి నియోజకవర్గ అభ్యర్థికి, రెండవది పార్టీ జాబితాకు. 5 శాతం రాని పార్టీకి సాధారణంగా జాబితా స్థానాలు రావు. ఈ గడప వల్ల ఒక విచిత్రమైన అలవాటు ఏర్పడింది. క్రిస్టియన్ డెమోక్రాట్ల అభిమానులు కొందరు, తమ భాగస్వామి అయిన చిన్న పార్టీ ఎఫ్‌డీపీ 5 శాతం దాటకపోతే తమ ప్రభుత్వమే రాదని భయపడి, రెండవ ఓటు ఎఫ్‌డీపీకి వేస్తారు. దీన్ని వారు ‘అరువు ఓటు’ అంటారు. మీరు సైకిలుకు నొక్కినది కూడా అరువు ఓటే, పేరే లేదు మనకు. 2013 జనవరిలో లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఈ అరువు ఎక్కువై ఎఫ్‌డీపీకి 9.9 శాతం వచ్చింది, పెద్ద పార్టీ ఓటు తగ్గింది, ఇద్దరూ కలిసి ఒక్క స్థానం తేడాతో ఓడిపోయారు. దాంతో ఆ సెప్టెంబరు జాతీయ ఎన్నికల్లో క్రిస్టియన్ డెమోక్రాట్లు ఈసారి అరువు లేదన్నారు. ఎఫ్‌డీపీకి 4.8 శాతం వచ్చి పార్లమెంటు నుంచే బయటపడింది, 41.5 శాతం తెచ్చుకున్న క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకురాలు మెర్కెల్ పార్టీ తోడు లేక, అప్పటిదాకా తాను ఎదిరించిన సోషల్ డెమోక్రాట్లతోనే ప్రభుత్వం నడపవలసి వచ్చింది. 2025లో మరో కొత్త పార్టీ 4.98 శాతం దగ్గర ఆగిపోయి ఒక్క స్థానమూ లేకుండా మిగిలింది. ఓటు వృథా కావడం దామాషాలోనూ ఉంది.

జర్మనీ నుంచి మనం తెచ్చుకోదగ్గది దామాషా కంటే వారి రాజ్యాంగంలోని 67వ అధికరణం అని నా అభిప్రాయం. అక్కడ ఛాన్సలర్‌ను, అంటే ప్రభుత్వాధినేతను, అవిశ్వాసంతో దించాలంటే అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. ఊరికే కూల్చడానికి వీల్లేదు. 1982 అక్టోబరులో ఎఫ్‌డీపీ సోషల్ డెమోక్రాట్లను వదిలి క్రిస్టియన్ డెమోక్రాట్ల వైపు చేరినప్పుడు వారి నాయకుడు హెల్ముట్ కోల్ అలాగే ఛాన్సలర్‌గా వచ్చారు. ఓటర్లను అడగకుండా మారిన ప్రభుత్వం అన్న మాట పడకుండా ఉండేందుకు ఆయన 1983 మార్చిలోనే ఎన్నికలు పెట్టించారు. గెలిచారు, పక్షం మార్చిన ఎఫ్‌డీపీ మాత్రం 10.6 నుంచి 7 శాతానికి తగ్గింది. 1954లో మన దగ్గర అలాంటి నిబంధన ఉండి ఉంటే, ఒక్క ఓటుతో ప్రకాశంగారిని దించినవారు ఆయన స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలో కూడా ఒప్పుకోవలసి వచ్చేది. అంతమందీ ఒక పేరు మీద కలిసేవారని నేననుకోను.

చివరగా నోటా. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తరువాత అది యంత్రం మీదికి వచ్చింది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో దానికి ఎన్ని ఓట్లు వచ్చినా ఫలితం మారదు. మిగిలిన అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టు. కందుకూరులో మీరు నోటా నొక్కి ఉంటే మీ పార్టీ గుర్తు లేదన్న నిరసన లెక్కలో ఒక అంకెగా నమోదయ్యేది, కానీ పొత్తు వద్దు అన్నారో, అభ్యర్థి వద్దు అన్నారో, అసలు అందరూ వద్దు అన్నారో ఆ అంకె చెప్పదు. అభ్యంతరం పొత్తు మీదే అయితే, స్థానాల పంపకం జరుగుతున్న రోజుల్లో, అంటే నామినేషన్లకు నెల ముందే, మీ మండలంలోని పార్టీవారి దగ్గరికి నలుగురు కలిసి వెళ్లి చెప్పడం దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఆ వారాల్లో వాళ్లు ప్రతి ఊరి లెక్కా రాసుకుంటూ ఉంటారు.